ఎర్రదారం కట్టిన రేడియేటర్

మా ఆయన తాళంచెవులు చేస్తాడు. జిరాక్సు షాపు మెట్ల కింద, లేచి నిలబడితే తల తగిలేంత చోటులో ఒక మిషను, నాలుగు ఆకురాళ్ళు, గోడనిండా మేకులకు వేలాడే మొండి తాళంచెవులు. ఇరవై రెండేళ్ళుగా అదే చోటు, అదే స్టూలు. ఎవరైనా తాళంచెవి ఇచ్చి ఇలాంటిదే ఇంకొకటి కావాలంటే, ముందుగా వాళ్ళిచ్చినదానికి ఎర్రదారం ముక్క కడతాడు. ఆ తర్వాతే మిషను వేస్తాడు. దారం ఉన్నది వాళ్ళది, దారం లేనిది తాను చేసింది. పని అయ్యాక రెండూ పక్కపక్కన పెడితే ఆ దారం తప్ప ఇంకే తేడా కనపడకూడదు. అదీ ఆయన పట్టుదల.

ఆ దారం పిచ్చి అంగట్లోనే ఉంటే నేను మాత్రం ఎందుకు కాదంటాను? ఇంట్లోనూ అదే వరస. డాక్టరు దగ్గరికి వెళ్తే బయట విడిచిన చెప్పులకు దారం. మా అత్తగారి మందుసీసాల్లో పొద్దుట తాగేదానికి దారం. నా గొడుక్కి దారం. పెళ్ళైన కొత్తలో ఒకేరకం దిండ్లు రెండు కొంటే, తన దిండుకు దారం కట్టుకుని పడుకున్న మనిషి.

"నాకూ ఒకటి కట్టేయండి, ఎక్కడైనా మారిపోతానేమో" అన్నాను ఒకసారి ఒళ్ళుమండి.

"నిన్నెవరు మారుస్తారు? ఆ నోరు ఇంకెక్కడా దొరకదు" అన్నాడు. మంచంమీద మా అత్తగారు కిసుక్కున నవ్వింది. ఆవిడకు వినపడదని అందరూ అంటారు. కావలసినవన్నీ వినపడతాయి.

ఇంత జాగ్రత్త మనిషి ఆ మోటారుసైకిలు ఎందుకు కొన్నాడంటే, దాని తాళంచెవి నచ్చి. అబద్ధం కాదు. ఎవడో డూప్లికేటు చేయించుకోవడానికి వచ్చాడు. ఆ చెవి గాడి చూసి ఈయన మురిసిపోయి, బండి అమ్ముతారా అని అడిగి, నెల తిరక్కుండా ఇంటిముందు పెట్టాడు. చిన్న బండ్లకు ఇంజను చల్లబడటానికి మామూలుగా గాలి తగిలితే చాలు. దీనికి కార్లకున్నట్టు ముందువైపు రేడియేటర్ ఉంది, దాంట్లో నీళ్ళలాంటి పచ్చటి ద్రవం తిరుగుతూ ఇంజను వేడిని లాగేస్తుందట. ఆ సంగతి కొన్న తర్వాత తెలిసింది.

ఆ బండి వల్లే పోయిన సంవత్సరం నా పరీక్ష పోయింది.

నేను ఒక బడిలో పదకొండేళ్ళుగా సైన్సు ల్యాబు చూస్తున్నాను. గాజుగొట్టాలు కడగడం, సీసాలమీద చీటీలు అతికించడం, పిల్లలు చేతులు కాల్చుకోకుండా చూడటం. పదకొండేళ్ళైనా తాత్కాలికమే. ఖాయం ఉద్యోగం కావాలంటే రాతపరీక్ష, ఆపైన ప్రాక్టికల్ గట్టెక్కాలి. పోయిన సంవత్సరం రాత గట్టెక్కాను. ప్రాక్టికల్ కొండదారికి అవతల నలభై ఐదు కిలోమీటర్ల దూరంలో. ఎనిమిదింటికి గేటు మూసేస్తారు. మొదటి బస్సు చేరేసరికే తొమ్మిది. తెల్లవారుజామున బండిమీద బయలుదేరాం. పెద్ద ఎక్కుడులో మూడో మలుపు దగ్గర మీటరుమీద ఎర్రదీపం వెలిగింది, బుసబుసమని ఆవిరి, బండి ఆగిపోయింది. చల్లారేదాకా కూర్చుని, దారిన పోయేవాళ్ళనడిగి నీళ్ళు పోసి, మళ్ళీ ఎక్కి, గేటు దగ్గరికి చేరేసరికి ఎనిమిదీ పది. కాపలా మనిషి తెరవలేదు. మా ఆయన ఆ గేటు ఊచలు పట్టుకుని బతిమాలాడు. నేను ఏడవలేదు, అరిచాను. ఇంటికొచ్చాక తొమ్మిది రోజులు ఆయన నోరు విప్పలేదు. మూడు రోజులు అంగడి తెరవలేదు. అంగడి మూసుకున్న మా ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు, మళ్ళీ చూడాలని కూడా లేదు.

ఈ సంవత్సరం మళ్ళీ రాత గట్టెక్కాను. నాకు నలభై నిండబోతున్నాయి, అది దాటితే ఇక రాయనివ్వరు. ఇదే ఆఖరు. ప్రాక్టికల్ సోమవారం అని పదిరోజుల ముందు ఉత్తరం వచ్చింది.

"ఈసారి వ్యాను మాట్లాడుకుందాం. పక్కవీధి బ్రెడ్డు వ్యాను అతను రోజూ ఆ దారినే వెళ్తాడుగా" అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుపోయింది. "ఇంటిముందు బండి పెట్టుకుని ఇంకొకడి బండెక్కుతావా? నేను తీసుకెళ్తానన్నాను కదా. తీసుకెళ్తాను."

"పోయినసారీ ఇదే మాట అన్నారు."

అనకూడని మాటే. నోరు జారింది. ఆయన లేచి వెళ్ళి బండి ముందు గొంతుకూర్చున్నాడు.

అక్కడినుంచి మొదలైంది అయోమయం. ఊళ్ళో తిరిగినంతసేపూ ఆ బండి బుద్ధిగా ఉంటుంది. ఎక్కుడు ఎక్కితే చాలు, కాగుతుంది. మా వీధి మెకానిక్ సోమవారం చూసి ఫ్యాను పోయిందన్నాడు. బుధవారం ఫ్యాను బ్రహ్మాండంగా ఉందని, రేడియేటర్ మూత పోయిందన్నాడు. మూత మార్చాక శుక్రవారం పొద్దున్న దాన్ని కొండ మొదటి మలుపుదాకా తోలుకెళ్ళి వచ్చి, చేతులు తుడుచుకుంటూ "రేడియేటరే పోయిందన్నా" అన్నాడు.

"పోయిందంటే? కారుతోందా?" అన్నాడు మా ఆయన.

"కారడం లేదు."

"మరి?"

"పోయింది అంతే. అవి అలాగే పోతాయి."

నేను కల్పించుకున్నాను. "కారకుండా ఎలా పోతుంది? సోమవారం ఫ్యాను అన్నావు కదా, అదెలా బాగైంది?"

వాడు నాకేసి జాలిగా చూశాడు. "అక్కా, బండి సంగతులు అంత తేలిగ్గా చెప్తే అర్థంకావు" అన్నాడు. ఒక్కటిద్దామనుకున్నాను.

కొత్తది కావాలంటే కంపెనీవాళ్ళు ఆ రకం చేయడం మానేశారట, తెప్పించడానికి నెల పడుతుందట. ఇక మిగిలింది బస్సు డిపో వెనక వీధి, పాత సామాను అంగళ్ళు. అక్కడికి చేతులూపుకుంటూ వెళ్తే పని జరగదు. నమూనా పట్టుకెళ్ళాలి. శుక్రవారం సాయంత్రం మా ఆయన రేడియేటర్ ఊడదీసి, దాన్ని బండికి బిగించే చెవికున్న చిల్లులోంచి ఎర్రదారం దూర్చి మూడు ముడులు వేశాడు.

"ఎందుకది? మనది మనకు తెలియదా?" అన్నాను.

"అన్నీ ఒకేలా ఉంటాయి. రేపు ఆ గుట్టలో నీది ఏదంటే ఏం చెప్తావు?"

శనివారం ఇద్దరం బస్సెక్కాం. దాన్ని పాత తువ్వాల్లో చుట్టి నా ఒళ్ళో పెట్టాడు. ఏళ్ళ తరబడి బురదా దుమ్మూ గట్టిపడి అట్టలు కట్టిన ఇనుపముక్క. పక్కసీటావిడ తొంగిచూసి, తువ్వాలు కాస్త తొలగించి, గబుక్కున మళ్ళీ కప్పేసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మొదటి అంగడివాడు ఫోనులోంచి తల ఎత్తకుండానే "ఏ సంవత్సరం బండి?" అన్నాడు. మా ఆయన చెప్పాడు. "ఆ సంవత్సరం మొదటి ఆరునెలలా, రెండో ఆరునెలలా?" మా ఆయన నాకేసి చూశాడు. నన్నడిగితే? నేనేమైనా దానికి పురుడు పోశానా? "తెలియదా? అయితే లాభంలేదు. మొదటి రకానికి గొట్టం పక్కకు ఉంటుంది, రెండోదానికి కిందకు."

"ఇదిగో మాది. చూసి చెప్పండి."

వాడు చూశాడు. "ఇది రెండూ కాదు" అన్నాడు.

రెండో అంగడివాడు మంచివాడు. మా రేడియేటర్ తిప్పి తిప్పి చూసి, లోపలికి వెళ్ళి ఇంకొకణ్ణి పిలుచుకొచ్చాడు. ఇద్దరూ తిప్పి చూశారు. "అన్నా, మీ చేతిలో ఉన్నదే ఆ బండిది కాదు" అన్నారు.

"నిన్న సాయంత్రమేగా నా చేత్తో ఊడదీశాను!"

"కావచ్చు. కానీ అది ఆ బండిది కాదు."

మా ఆయన తెల్లముఖం వేశాడు. ఆయన వృత్తిలో చెవి తాళానికి పడితే పట్టినట్టు, పట్టకపోతే పట్టనట్టు. పట్టి కూడా కాదనడం ఆయనకు కొత్త. మూడో అంగడివాడు ఆరు రేడియేటర్లు నేలమీద పరిచి ఏది కావాలో తీసుకోమన్నాడు. ఆరింటిలో ఒక్కటీ మాదానిలా లేదు, వాటిలో ఏ రెండూ ఒకేలా లేవు. అప్పటికి పన్నెండు దాటింది. నాకు తల తిరుగుతోంది. ఆయనైతే తలుపు మూసిన ప్రతి అంగడి ముందూ ఆగి తాళంకప్ప వంక చూస్తున్నాడు. దిక్కుతోచకపోతే ఆయన చేసే పని అది.

వీధి చివర ఒక పెద్దావిడ అంగడి. అరవై ఏళ్ళుంటాయి. చీరకొంగు బొడ్లో దోపుకుని, కళ్ళద్దాలు తాడుతో మెడలో వేసుకుని, నీళ్ళ తొట్టి ముందు పీటమీద కూర్చుని ఉంది. చుట్టూ రేడియేటర్లే.

"ఏం నాయనా, అందరూ తిప్పి పంపారా?" అంది మమ్మల్ని చూడగానే. "ఆ ముగ్గురివీ నోళ్ళే. ఇలా తే."

తువ్వాలు విప్పి చూసి ముక్కుమీద వేలేసుకుంది. "ఇదేం మట్టి అమ్మా! దీంట్లో విత్తనాలు వేస్తే మొలుస్తాయి." గుట్టలోంచి వెతికి వెతికి ఒకదాన్ని లాగింది. అదీ మాదానంత మట్టిగానే ఉంది. రెండూ పక్కపక్కన నిలబెట్టింది. గొట్టం ఒకే చోట, చెవులు ఒకే చోట, పొడుగూ వెడల్పూ ఒకటే. మా ఆయన ముఖం విప్పారింది. ఇరవై రెండేళ్ళుగా నమూనా, నకలు పక్కపక్కన చూసిన మనిషి. ఒక్కసారి చూస్తే చాలు ఆయనకు.

"ఇదే!" అన్నాడు.

"ఆగు నాయనా, కారుతుందో లేదో చూడకుండా ఇదే అంటే ఎలా? మట్టి కడిగితేగానీ తెలియదు. నీదీ కడుగుతాను, పక్కన పెట్టి చూసుకో. ఈ దారం అడ్డం, తీసేస్తున్నా" అని ముడులు విప్పి తన వేలికి చుట్టుకుంది.

సరిగ్గా అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. చెప్పకపోతే అన్యాయం. ఆ దారం విప్పడం నచ్చక ఆయన తొట్టి దగ్గరే నిలబడ్డాడు. నేను చెయ్యిపట్టి అవతలికి లాగాను. ఒంటిగంట బస్సు పోతే మళ్ళీ నాలుగింటికిగానీ లేదు. అత్తగారు ఒక్కతే ఉంది. రేపు బిగించాలి, ఎల్లుండి పరీక్ష, నేను ఇంకా ద్రావణాల పాఠం తిరగేయలేదు. ఇదంతా ఆయన బండి మోజువల్ల కాదా అని మొదలుపెట్టాను. మొదలుపెడితే నాకు ఆపడం రాదు. ఆయన వెనక్కి తిరిగి చూడబోయినప్పుడల్లా "ఇటు చూడండి, నేను మాట్లాడుతున్నాను" అన్నాను. వెనకాల గొట్టంలోంచి నీళ్ళు బుస్సుమని కొడుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది.

తిరిగి చూసేసరికి రెండూ తళతళా మెరుస్తున్నాయి. ఒకటి ముందువైపు రేకులన్నీ వంకర్లు పోయి, మూల నొక్కుకుపోయి ఉంది. దానికి ఎర్రదారం కట్టి ఉంది. రెండోది బుద్ధిగా, తీర్చిదిద్దినట్టు ఉంది.

"చూశావా నీ పాతది ఎలా ఉందో?" అంది పెద్దావిడ. "మట్టి కింద ఇదీ దాని అవతారం. ఇక కాగక ఏం చేస్తుంది?"

మంచిదాన్ని తొట్టిలో ముంచి, ఒక గొట్టానికి రబ్బరు బిరడా బిగించి, ఇంకో గొట్టంలోకి సైకిలు పంపుతో గాలి కొట్టింది. ముగ్గురం నీళ్ళలోకి వంగి చూశాం. ఒక్క బుడగ రాలేదు. "బంగారం" అంది. ఆవిడ అడిగినంతా ఆయన ఇచ్చేశాడు, బేరం కూడా ఆడలేదు. దారం ఉన్నదాన్ని ఆవిడ దగ్గరే వదిలేసి, దారం లేనిదాన్ని తువ్వాల్లో చుట్టుకుని ఒంటిగంట బస్సుకు పరిగెత్తాం. బస్సులో ఆయన దాన్ని నా ఒళ్ళో పెట్టలేదు, తనే పట్టుకున్నాడు. దారి పొడుగునా ఈలవేశాడు.

ఆదివారం మధ్యాహ్నం బిగించడానికి కూర్చున్నాడు. "ఇదిగో, ఒకసారి ఇటు వచ్చి దీన్ని ఎత్తిపట్టుకో, బోల్టు వేస్తాను" అని కేకేశాడు. పుస్తకం మూసి వెళ్ళాను. రెండు చేతులతో ఎత్తిపట్టుకున్నాను. నా బొటనవేలికి వెనకవైపు మూలలో ఏదో నున్నగా తగిలింది.

మళ్ళీ తడిమి చూశాను.

పోయిన సంవత్సరం ఆ మూడో మలుపులో నీళ్ళు పోస్తూ చెయ్యి లోపలికి పెడితే, రేడియేటర్ మూల గీరుకుని బొటనవేలు కోసుకుపోయింది. ఇంటికొచ్చిన కోపంలో, మళ్ళీ ఎవరికీ కోసుకోకుండా, ఆ మూలకు నా గోళ్ళరంగు మూడు పూతలు పూశాను. ముదురు ఊదారంగు. వంగి చూశాను. ఊదారంగు.

మాదే. ఆవిడ మాదే మాకు అమ్మింది. మోసమా? మోసం చేసే మనిషిలా లేదే. దారం విప్పింది, రెండూ కడిగింది, కడిగాక ఏది ఏదో తెలియలేదు. పాతది అంటే పాడైనదేగా అనుకుని, వంకర్లు పోయినదానికి దారం కట్టేసింది. మేం దారాన్ని చూశాం తప్ప రేడియేటర్‌ని చూడలేదు. పక్కనే నిలబడి ఉంటే ఈయన పట్టేసేవాడు. నిలబడనివ్వనిది నేను.

ఆయన బోల్టు దూర్చాడు. అది తడుముకోకుండా సరాసరి వెళ్ళి కూర్చుంది. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ ఈలవేస్తూ బిగించాడు. "చూశావా, ఎంత చక్కగా పట్టిందో!" అన్నాడు.

"పట్టక ఏం చేస్తుంది?" అన్నాను.

చెప్పాలా, వద్దా? ఆ వీధి ఆదివారం మూసి ఉంటుంది. చెప్తే చేయగలిగింది ఏమీ లేదు. చెప్తే ఆయన ఆ బండి ముందు కూలబడిపోతాడు. ఆ తొమ్మిది రోజులు నాకు గుర్తున్నాయి. చెప్పకపోతే రేపు అదే మలుపు, అదే ఆవిరి, అదే గేటు. బ్రెడ్డు వ్యాను అతన్ని అడుగుదామంటే, మంచి రేడియేటర్ పెట్టుకుని వ్యాను ఎందుకు అంటాడు. అప్పుడు చెప్పాల్సివస్తుంది. పుస్తకం తెరిచి అదే పుట పదిసార్లు చదివాను, ఒక్క ముక్క ఎక్కలేదు. సాయంత్రం ఆయన చొక్కా వేసుకుని "ఎవరిదో తాళంచెవి ఇచ్చొస్తాను" అని వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. ఆయన లేనప్పుడు చెబుదామని అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా ముఖం చూసి "ఏమిటే అలా ఉన్నావు?" అంది. ఏమీ లేదన్నాను. "వాడూ అదే అన్నాడు" అంది. అప్పుడు నేను ఆ మాట పట్టించుకోలేదు.

చివరికి నాకు తోచింది ఒక్కటే. పరీక్ష సంచిలో అడుగున నాలుగు పెద్ద సీసాల నీళ్ళు పెట్టి, పైన ల్యాబు కోటు మడిచి కప్పాను.

సోమవారం తెల్లవారుతుండగా అత్తగారిని పక్కింటావిడకు అప్పజెప్పి బయలుదేరాం. ఆయన సంచి అందుకుని తూలాడు. "ఏమిటింత బరువు?"

"పుస్తకాలు."

"ప్రాక్టికల్‌కి పుస్తకాలెందుకు?"

"దారిలో చదువుకోవడానికి."

"బండిమీదా?"

"మీరు నడపండి ముందు!"

ఇంకో మాట అడగలేదు. మామూలుగా అయితే సందు చివరిదాకా సాగదీసేవాడు.

ఊరు దాటాక ఒక వ్యాను మా వెనక పడింది. దాని దీపాలు నా వీపుమీదే. దారి ఇవ్వమని హారను కొట్టదు, దాటి పోదు. నేను చెయ్యి ఊపి పొమ్మన్నాను. పోలేదు. మేం నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది.

"ఏమండీ, ఎవడో మన వెనకే వస్తున్నాడు."

"దారి ఇరుకు కదా, రానీ."

"రెండు లారీలు పట్టే దారి ఇరుకేమిటండీ?"

ఎక్కుడు మొదలైంది. నేను ఆయన భుజంమీదనుంచి మెడ చాచి మీటరు చూస్తున్నాను. ఎర్రదీపం ఎక్కడ వెలుగుతుందో నాకు తెలుసు, మూడో గీత పక్కన. మొదటి మలుపు దాటింది. వెలగలేదు. రెండో మలుపు. వెలగలేదు. మూడో మలుపు వచ్చేసరికి నా వేళ్ళు ఆయన చొక్కాలో గుచ్చుకుపోయాయి. పోయినసారి కూర్చున్న రాయి కనపడింది. ఆయన దానివైపు చూడలేదు. నేనూ చూడలేదన్నట్టే కూర్చున్నాను. మలుపు తిరిగింది, దీపం వెలగలేదు, కొండ నెత్తి వచ్చేసింది, దిగుడు మొదలైంది. నాకు సంతోషం కలగలేదు. నమ్మకం కలగలేదు. అదే రేడియేటర్, అదే కొండ. ఎందుకు కాగలేదు? ఊదారంగు నాకు భ్రమా? గోళ్ళరంగు పూసుకునే ఆడవాళ్ళు ఇంకెవరూ లేరా?

ఏడూ ఇరవైకి గేటు ముందు ఆగాం. గేటు ఇంకా తెరవలేదు. వ్యాను మా వెనకే ఆగింది. బ్రెడ్డు వాసన కొట్టింది. దాంట్లోంచి పక్కవీధి అతను దిగాడు.

"వదినా, ఇక నేను వెళ్తాను. బ్రెడ్లన్నీ ఆలస్యమైపోయాయి."

"నువ్వేమిటి ఇక్కడ?"

"అన్న చెప్పలేదా?" అని ఆయనవైపు చూశాడు. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పటికే ఆలస్యమైంది. "నిన్న సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. పొద్దున మా వెనకే రా, బండి ఆగితే మీ వదినను ఎక్కించుకుని పో, నాకోసం ఒక్క క్షణం కూడా ఆగొద్దు అన్నాడు. మంచి రేడియేటర్ తెచ్చావటగా, ఇంకెందుకన్నా అంటే మాట్లాడలేదు."

ఇంకొకడి బండెక్కుతావా అన్న మనిషి. నేను ఆయనవైపు తిరిగాను. ఆయన బూటు కొనతో మట్టిలో గీతలు గీస్తున్నాడు.

"మీకు తెలుసా?"

"ఏది?"

"ఏమండీ!"

"బోల్టు చిల్లు నేనే ఆకురాయితో కోలగా అరగదీశాను, రెండేళ్ళ కిందట. నిన్న చెయ్యి పెట్టగానే తెలిసింది. చెప్తే నువ్వు చదువుకోలేవని చెప్పలేదు."

నేను సంచి తెరిచి, కోటు తీసి చంకలో పెట్టుకుని, నాలుగు సీసాలూ ఒక్కొక్కటిగా బండి సీటుమీద పెట్టాను. ఆయన వాటివంక చూశాడు. నావంక చూశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మీకు తెలిసినప్పుడే. చెప్తే మీరు మళ్ళీ అలా అయిపోతారని."

బ్రెడ్డు అతనికి ఏమీ అర్థంకాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మొత్తం చెప్పాం, ఒకరి మాట ఒకరు కోసుకుంటూ. అతను నవ్వి నవ్వి వ్యానుకు చేరబడి, తర్వాత బండి ముందు వంగి రేడియేటర్‌ను పరకాయించి చూశాడు.

"మరి ఎందుకు కాగలేదు?" అంది నా నోరు.

"ఎందుకు కాగుతుంది వదినా? ఇంత శుభ్రంగా ఉంటే. ఈ సందుల్లోంచి గాలి పోవాలి, అంతే. మట్టి కూరుకుపోయి ఉంటుంది ఇన్నాళ్ళూ. అన్నా, దీన్నెప్పుడూ కడగలేదా?"

ఎప్పుడూ కడగలేదు. సీటు తుడిచేవాడు, అద్దం తుడిచేవాడు, ఆ తాళంచెవికైతే నూనె రాసేవాడు. వ్యాను హారను కొట్టి వెళ్ళిపోయింది. మేమిద్దరం గేటు పక్క అరుగుమీద కూర్చున్నాం.

ఆయన "అంటే పోయిన సంవత్సరం..." అన్నాడు. ఆగాడు. "ఒక్క బకెట్ నీళ్ళు కొట్టి ఉంటే..." కళ్ళు తుడుచుకున్నాడు, రెండు చేతులతో, పిల్లాడిలా.

నాకు చాలా మాటలు వచ్చాయి. ఒక సంవత్సరం పాటు దాచుకున్నవి, బాగా పదును పెట్టుకున్నవి. నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. అనలేదు. ఆయన చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ వేళ్ళనిండా ఇత్తడి పొడి ఎప్పుడూ ఉంటుంది, ఎంత కడిగినా పోదు.

"అది కడుగుతారని నాకు మాత్రం తెలుసా? పదకొండేళ్ళుగా గాజుగొట్టాలు కడుగుతున్నదాన్ని" అన్నాను.

గేటు అవతల తాళం తీస్తున్న చప్పుడైంది. ఆయన తల ఎత్తి విన్నాడు. "ఆ తాళంకప్పకు నూనె కావాలి" అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ. తర్వాత జేబులో చెయ్యిపెట్టి ఎర్రదారం ముక్క తీశాడు. "లోపల సంచులన్నీ ఒకే మూల పెట్టిస్తారట. అన్నీ నల్లవే ఉంటాయి."

ఆ దారాన్ని నమ్మే కదా ఇంత జరిగింది అనబోయాను. ఆయన అప్పటికే నా సంచి చెవికి కట్టడం మొదలుపెట్టాడు. మూడు ముడులు వేశాడు. వేసేదాకా నేను కదలకుండా నిలబడ్డాను.

పోయిన సంవత్సరం కాపలా మనిషే. నా చీటీ చూశాడు, నా ముఖం చూశాడు, గుర్తుపట్టినట్టు లేడు. గేటు తెరిచి పక్కకు తప్పుకున్నాడు. నేను లోపలికి వెళ్ళాను.